ట్రాక్టర్ ముందు నడక

మా ఆయన ట్రాక్టర్ నడిపితే నేను దాని ముందు నడిచేదాన్ని. వినేవాళ్లకు నవ్వొస్తుంది కానీ, డెబ్బైల్లో ఖాజాగూడ చేలు చూసినవాళ్లు నవ్వరు. అక్కడ మట్టి కంటే బండలే ఎక్కువ. గడ్డిలో దాగిన రాళ్లను ముందే చూసి, లేచేవాటిని పక్కకు విసిరేదాన్ని. లేవనివాటి దగ్గర నిలబడి చెయ్యెత్తితే ఆయన చుట్టు తిప్పుకుని పోయేవాడు. మా కాపురంలో సగం మాటలు ఆ సైగలే.

మేం కొన్నది పాత బండి. ముందు చక్రాలు దగ్గరదగ్గరగా ఉండేవి. ఏటవాలులో అది కాస్త ఒరిగితే చాలు, నా పై ప్రాణాలు పైనే పోయేవి. నాకు ఆరో నెల రాగానే ఆయన ముందు ఇరుసు బోల్టులు ఊడదీసి, రెండు కొసలూ బయటికి లాగి చివరి బెజ్జాల్లో బిగించాడు. చక్రాలు ఎడంగా జరిగాయి.

"సూడు, కాళ్లు ఎడం పెట్టి నిలవడ్డది. ఇగ పడదు. నువ్వు ముంగట నడుసుడు బందు."

"మరి బండలెవరు సూస్తరు?"

"జర కూసోవే. నువ్వు కూసుంటెనే నాకు ఫికర్ ఉండదు."

గట్టు మీద కూర్చున్నాను. నా పని లాక్కున్నాడని ఒళ్లు మండింది కూడా.

వాలులో, పై వైపు ముందు చక్రం ఒక బండ ఎక్కింది. ఆ ఇరుసుకు ఆధారం నడుమనున్న ఒక్క పిన్నే. అది తక్కెడ కాడలా ఒరిగింది, ఇంజను మాత్రం నిటారుగానే ఉంది. సీట్లో ఉన్న ఆయనకు బండ ఎక్కినట్టే తెలియలేదు. చూశావా అన్నట్టు నాకేసి తిరిగి నవ్వాడు. నేను గబుక్కున లేచి చెయ్యెత్తాను. సంబరంగా ఊపుతున్నాననుకున్నాడు, తనూ ఊపాడు.

వెనక చక్రం అదే బండ ఎక్కింది. వెనక ఇరుసు అలా ఒరిగేది కాదు. బండి మొత్తం పల్లానికి తిరగబడింది. ఆయన దాని కింద ఉండిపోయాడు.

ఇప్పటికీ రోడ్డు మీద రాయి కనిపిస్తే ఆగి, కాలితో పక్కకు నెడతాను. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నాకు వెనక నుంచి ఆ ఇంజను చప్పుడు వినాలని ఉంటుంది. అది వినిపిస్తే చాలు, ఆరో నెల కాదు, తొమ్మిది నిండినా సరే, ఆయన వద్దంటున్నా ముందు నడుస్తాను.