బొటనవేలంత ఖాళీ

కొండదారుల్లో పరుగెత్తేవాళ్లకు బూట్లమ్మే ఆ పెద్దాయన ఎవరొచ్చినా ఒకటే పాట పాడేవాడు: “సాయంత్రం రండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. బూటులో వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ లేకపోతే కొండ దిగేటప్పుడు గోళ్లు ఊడతాయి.”

రోజూ కొండ మీద పరుగెత్తే ఆయన భార్య ఒకనాడు, “పొద్దున్నే బూట్లు పట్టడం లేదండీ,” అంది.

“పరుగెత్తే కాళ్లు సాగుతాయే పిచ్చిదానా!” అని నవ్వి ఒక సైజు పెద్దవి తెచ్చాడు. నెల తిరక్కుండా ఇంకో సైజు తెచ్చి, తానే లేసులు కట్టాడు. సాయంత్రం ఉబ్బాల్సిన పాదం పొద్దున్నే ఎందుకు ఉబ్బిందని అడగలేదు; ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో! చివరికి డాక్టరు ఆమె పాదం నొక్కితే పడ్డ గుంట పూడలేదు. అది గుండెజబ్బు వాపని తేలేసరికి పరిస్థితి చేయి దాటింది.

ఇప్పుడు బూట్లు బిగుతయ్యాయని ఎవరొచ్చినా పెద్దాయన వెంటనే కొత్త బూట్ల పెట్టె తెరవడు. కింద కూర్చుని, వాళ్ల పాదాన్ని బొటనవేలితో నొక్కి, ఆ గుంట పూడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు.