పిల్ల కాలువలో మొదటి నీళ్ల వెంట: బాన్సువాడ నుంచి చివరి మడి దాకా

అండాశయ క్యాన్సర్ మూడోసారి తిరిగొచ్చిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత బాన్సువాడ గుర్తొచ్చింది. కోపం ఎందుకో అందరికీ అర్థమవుతుంది. బాన్సువాడ సంగతే చెప్పాలి. నేను హైదరాబాద్‌లో సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. నిజాంసాగర్ కాలువలను నల్లబల్ల మీద నీలం సుద్దముక్కతో ఏళ్ల తరబడి గీశాను కానీ ఒక్కసారీ కళ్లతో చూడలేదు. చలికాలంలో వేసే యాసంగి పంట కోసం ఎండిన కాలువలోకి నీళ్లు వదులుతారు కదా, ఆ మొదటి నీళ్ల వెంట నడిచి, అవి చివరి మడిలో పడేదాకా చూడాలని నా కోరిక. జబ్బు మొదటిసారి వచ్చినప్పుడు "తగ్గాక వెళ్దాం" అనుకున్నాను. తగ్గింది, బడి పనుల్లో పడ్డాను. రెండోసారి వచ్చింది, మళ్లీ "తగ్గాక" అన్నాను. మూడోసారికి తెలివొచ్చింది. కొత్త మందు ఎక్కించడానికి ఇంకా వారం గడువుంది. "వెళ్లొచ్చా?" అని డాక్టరమ్మను అడిగాను. "జ్వరం వస్తే వెంటనే ఫోన్ చేయాలి, బయటి నీళ్లు తాగకూడదు, ఇక వెళ్లి రండి" అంది. అడగందే అమ్మైనా పెట్టదని ఊరికే అన్నారా!

మా ఆయన తనూ వస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఆయన వస్తే నీళ్లను చూడడు, రోజంతా నా మొహమే చూస్తూ కూర్చుంటాడు. గంటకోసారి ఫోన్ ఎత్తాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

జూబ్లీ బస్టాండ్ నుంచి మెదక్, ఎల్లారెడ్డి మీదుగా బాన్సువాడకు నేరుగా బస్సులున్నాయి. నాలుగున్నర గంటల ప్రయాణం అనుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో తెలంగాణ ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టు, మగవాళ్లకు మూడు వందల లోపే అవుతుంది. రైలు ఇష్టమైనవాళ్లు కామారెడ్డిలో దిగి అక్కడి నుంచి బస్సు పట్టుకోవచ్చు. మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడేలోగా చేరాను. బస్టాండ్ దగ్గర్లో ఏడు వందలకు గది దొరికింది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. నీళ్లు వదిలే రోజు ఏటా ఒకటే ఉండదు. జలాశయంలో ఎన్ని నీళ్లున్నాయో చూసి నిర్ణయిస్తారు, పత్రికల జిల్లా పేజీలో వేస్తారు. నేను వెళ్లేసరికి పెద్ద కాలువలో బాన్సువాడ దాకా నీళ్లు వచ్చేశాయి. కోటగిరి వైపు పోయే ఒక పిల్ల కాలువ తూము మర్నాడు పొద్దున ఎత్తుతారని లాడ్జీ అతను చెప్పాడు.

పొద్దున ఆటోల అడ్డా మీద ఖాజా అన్నను పట్టుకున్నాను. యాభై దాటిన మనిషి, రోజూ బాన్సువాడ–కోటగిరి మధ్య షేర్ ఆటో నడుపుతాడు.

"ఏ ఊరు పోవాలె మేడం?" అన్నాడు.

"ఊరు కాదన్నా, నీళ్ల వెంట పోవాలి. అవి ఎంత మెల్లగా పోతే మనమూ అంతే."

ఆయన కాసేపు నా ఉన్ని టోపీనీ నల్లద్దాలనూ చూశాడు. "ఊరికైతే కిరాయి ఎంతో నాకెరుకే. నీళ్లెంబడి పోతే ఎంత తీసుకుంటరో ఎవలను అడగాలె?" అని తనే నవ్వి, రోజంతటికీ పన్నెండు వందలకు ఒప్పుకున్నాడు.

ఏడున్నర ప్రాంతంలో తూము ఎత్తారు. కాలువలోకి మొదటి నీళ్లు వస్తుంటే గలగలా తెల్లగా ఉరుకుతాయని ఊహించుకున్న నాకు చక్కటి పాఠం అయింది. ముందు వచ్చింది చెత్త. ఎండుటాకులు, థర్మకోల్ ముక్కలు, ఒంటి చెప్పు, మందు సీసాల మూతలు, వాటి వెనక గోధుమరంగు నురగ. నెర్రెలిచ్చిన నేల ఆ నీళ్లను చుయ్‌మంటూ తాగేస్తోంది. ఎండ్రకాయల బొరియల్లోంచి బుడగలు వస్తున్నాయి. నీళ్లకు రెండు గజాల ముందు కొంగలు పెళ్లివారిలా తాపీగా నడుస్తూ, బొరియలు విడిచి పారిపోయే కీచురాళ్లను ఏరుకుని తింటున్నాయి. మందుల వల్ల నా అరికాళ్లు మొద్దుబారి ఉంటాయి, ఎక్కడ అడుగేస్తున్నానో చూసుకోవాలి. అయినా నీళ్లకంటే నేనే వేగం. పందెంలో నేను గెలిచి చాలా కాలమైంది కాబట్టి ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను. కొంత దూరం కట్ట మీద నడవడం, కొంత దూరం ఆటోలో కూర్చోవడం, ప్రతి తూము దగ్గరా ఫోన్‌తో ఫోటో తీయడం. పొద్దున్నంతా అలా గడిచింది.

పది గంటలకు దారిలో ఒక ఊరి చాయ్ హోటల్ దగ్గర ఆగి మాత్రలు తీశాను.

"ఏం గోలీలు మేడం? షుగరా?" అన్నాడు ఖాజా అన్న.

"క్యాన్సర్."

ఆయన చాయ్ గ్లాసు అక్కడే పెట్టి ఆటో తీసుకుని మాయమయ్యాడు. భయపడి వెళ్లిపోయాడేమో అనుకున్నాను. కాసేపట్లో బ్రెడ్డు ప్యాకెట్టు, డజను అరటిపండ్లతో తిరిగొచ్చాడు. మన దగ్గర దవాఖానలో మనిషిని చూడబోతే బ్రెడ్డు, పండ్లు తీసుకెళ్లకుండా ఎవరైనా వెళ్తారా! ఆయన నన్ను చూడటానికి వచ్చాడన్నమాట, అదీ పొద్దుటి నుంచి తన ఆటోలోనే తిరుగుతున్న నన్ను.

"ఫికర్ నక్కో మేడం, మెత్తగుంటది, తినుండ్రి."

"అన్నా, నాకు నోట్లో పుండ్లు మానింది ఈమధ్యే. మళ్లీ మందు మొదలైతే మళ్లీ వస్తాయి. ఈ వారం రోజులే నాకు కారం రుచి. నీకు పుణ్యముంటుంది, కారంగా ఏదైనా పెట్టించు."

"ముందుగాల చెప్పొద్దా అక్కా!" అన్నాడు. మేడం నుంచి అక్కనయ్యాను. పక్క సందులో బండి దగ్గర వేడివేడి మిర్చీ బజ్జీలు తెచ్చాడు, ప్లేటు ముప్ఫై. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నాలుగు తిన్నాను. బ్రెడ్డు ఆయనే చాయ్‌లో ముంచుకుని తిన్నాడు.

మధ్యాహ్నం అయ్యేసరికి నీళ్లు ఆగిపోయాయి. చివరి ఊరికి ఇంకా మూడు కిలోమీటర్లుంది. ఉన్న కాసిని నీళ్లు కూడా నేలలోకి ఇంకుతుంటే, నురగ కాలువ అడుగున మరకలా మిగిలింది. కొంగలు కూడా ఎగిరిపోయాయి. నా కడుపులో ఉదయం నుంచి సన్నగా ఉన్న నొప్పి అప్పుడే గట్టిపడింది. అప్పుడే మా ఆయన ఫోన్. "నీళ్లు చూశావుగా, ఇక వచ్చేయ్" అన్నాడు. ఖాజా అన్న కూడా "వాపస్ పోదామా అక్కా?" అని అడిగాడు. సగం చూశాను కదా, చాలదా అని నేనూ అనుకున్నాను. చాలదు అనిపించింది. సగం చూడటానికైతే నల్లబల్ల మీది గీతే చాలు నాకు. ఆటో వెనక్కి తిప్పమన్నాను, నీళ్లు ఎక్కడ ఆగాయో చూద్దామని.

అర కిలోమీటరు వెనక కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలున్నాయి. నీళ్లన్నీ పక్క మడిలోకి మళ్లుతున్నాయి, పైగా గట్టు మీంచి ఒక లావాటి పైపు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ముగ్గురు రైతులున్నారు. ఆటో ఆగడం, టోపీ పెట్టుకుని చేతిలో ఫోన్‌తో నేను దిగడం చూశారో లేదో, ఒకతను కాలువలోకి దూకి బస్తాలు లాగేస్తున్నాడు, ఇంకొకతను పైపు పీకేస్తున్నాడు.

మూడో ఆయన, పేరు నర్సింలు అట, చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చాడు. "నమస్తే మేడం. చెత్త అడ్డం పడ్డది, ఇప్పుడే తీస్తున్నం."

నోరు కుట్టేసిన చెత్తను నేను మొదటిసారి చూస్తున్నాను. పొద్దుటి నుంచి ప్రతి తూముకూ ఫోటో తీస్తుంటే, నీళ్ల శాఖ నుంచి తనిఖీకి వచ్చిన ఆఫీసరునని ఫోన్ల మీద కాలువ పొడవునా పాకిపోయిందట. ఖాజా అన్న మీసాల్లో నవ్వుకుంటూ, "మేడం పట్నం నుంచి వచ్చింది" అన్నాడు. అబద్ధం కాదు కాబట్టి నేనూ ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నర్సింలు చేతులు దించలేదు. "కేసు రాయకుండ్రి మేడం, మీ కాల్మొక్త" అన్నాడు. స్కాన్ రిపోర్టు ఇచ్చే కిటికీ దగ్గర నేనూ అలాగే చేతులు జోడించుకుని నిలబడతాను. చూసి ఊరుకోలేకపోయాను.

"నేను ఆఫీసర్ని కాదన్నా. పంతులమ్మను. నాకు క్యాన్సర్ తిరిగొచ్చింది. వచ్చే వారం మళ్లీ దవాఖానకు పోవాలి. ఈలోగా మొదటి నీళ్లు చివరి మడి దాకా పోతుంటే చూద్దామని వచ్చాను, అంతే."

కాలువలో ఉన్నతను చేతిలో బస్తాతో అలాగే నిలబడిపోయాడు. ఇక మళ్లీ పెట్టేస్తాడనే అనుకున్నాను. నర్సింలు చేతులు దించి, టవల్‌తో మొహం తుడుచుకున్నాడు.

"తియ్యి, అన్ని తియ్యి" అన్నాడు అతనితో. తర్వాత నాతో, "ఆఫీసరమ్మవైతే నువ్వు అటు పోంగనే మళ్ల అడ్డం పెడుతుంటిమి అక్కా. నువ్వు చూడనీకి వచ్చినవు, ఇగ ఎట్ల పెడ్తం?"

"నా మీద జాలితోనైతే వద్దన్నా" అన్నాను. నాకు జాలంటే బ్రెడ్డు కన్నా అసహ్యం.

"జాలి గాదు. బస్తాలు చూసి వాపసొచ్చినని పట్నంల చెప్పుకుంటే మా ఊరి ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. ఆయన ఇజ్జత్ మీద గౌరవంతో ఫోన్ లోపల పెట్టేశాను.

నీళ్లు మళ్లీ కదిలాయి. నొప్పి మాత్ర వేసుకుని గంటసేపు ఆటో వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాను. నీళ్లు ముందుకు పోయినప్పుడల్లా ఖాజా అన్న ఆటోను కొంచెం ముందుకు తీసి ఆపుతున్నాడు. సాయంత్రం ఐదు అవుతుండగా, "అక్కా లే, ఆఖరు వచ్చింది" అని పిలిచాడు.

కాలువ అక్కడ చిన్న బోదె అంత అయిపోయింది. దాని చివర సాయవ్వ అనే పెద్దావిడ పసుపు, కుంకుమ, బంతిపూలు, ఒక జాకెట్ గుడ్డ పళ్లెంలో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. మొదటి నీళ్లకు అలా పెట్టకుండా మడిలోకి వదలదట. ఆమె నారుమడి కొసలు పసుపు పచ్చబడుతున్నాయి.

"ఏటా గిక్కడికి వచ్చేసరికి మూడు రోజులైతది. ఇయ్యాల్లనే వచ్చినయంటే… నీళ్లు నీ ఎంబడి వచ్చినయా, నువ్వు నీళ్లెంబడి వచ్చినవా?" అంది నన్ను చూసి. నీళ్ల వెంట ఒకావిడ వస్తోందన్న కబురు ఆమెకూ అందింది.

పసుపు కుంకుమలు తను కొంచెం వేసి, నా చేత కొంచెం వేయించింది. నీళ్లు ఆ పసుపు కుంకుమల్ని కలుపుకుని, గట్టు తెగ్గొట్టిన చోట తడుముకుని, మడిలోకి జారాయి. చెప్పులు విప్పి దిగాను. అరికాళ్లకు చల్లదనం తెలియలేదు. చీలమండల దాకా వచ్చాక తెలిసింది. నేను ఏడ్చాను. దాచుకోవాలనిపించలేదు.

సాయవ్వ జొన్నరొట్టె మీద పల్లీలు, పచ్చిమిర్చి నూరిన కారం పెట్టి ఇచ్చింది. తింటుంటే టోపీ వైపు చూసి, "ఎంటికలు ఏమైనయి బిడ్డా, దేవునికి ఇచ్చినవా?" అంది.

"జబ్బుకిచ్చానవ్వా. మొలిచాయి, ఊడాయి, మళ్లీ మొలుస్తున్నాయి. వచ్చే నెలకు మళ్లీ ఊడతాయి."

ఆమె కాసేపు లెక్కలేవో వేసుకుంది. "వరి కోతలకు రా. అప్పటికి ఎంటికలుంటే నూనె వెట్టి దువ్వుత. లేకుంటే గీ టోపీ మర్సిపోకు, ఎండ మస్తుంటది."

కోతలంటే ఏప్రిల్. ఒక స్కాన్ నుంచి ఇంకో స్కాన్ దాకా బతకడం అలవాటయ్యాక, అంత దూరపు మాట నేను ఎవరికీ ఇవ్వలేదు. పెళ్లిళ్లకు పిలిచినా "చూద్దాం" అంటాను. ఆ గట్టు మీద, నోరంతా మండుతుంటే, "వస్తా" అన్నాను. ఆమె అదేం గొప్ప మాట కాదన్నట్టు ఇంకో రొట్టె వేసింది.

ఆ రాత్రి బాన్సువాడలోనే ఉండి మర్నాడు ఇంటికొచ్చాను. ఈ ప్రయాణం నా జబ్బును ఏమీ చేయలేదు, చేస్తుందనీ నేను అనుకోలేదు. అది దాని దారిన ఉంది. కాకపోతే ఇన్నాళ్లూ నా రోజులన్నీ దానివే అన్నట్టు, అది వదిలేసిన రోజుల్లో బతుకుతూ వచ్చాను. ఇప్పుడు అందులో ఒక వారం సాయవ్వది. చేతికి సూది ఉంది, నాలుక మళ్లీ చప్పబడుతోంది, భయం కూడా ఉంది. అయినా ఏప్రిల్ గురించి ఆలోచించినప్పుడు నాకిప్పుడు రిపోర్టు కాదు, కోతకొచ్చిన వరి కనబడుతోంది.

నాలాంటి వాళ్లు బయల్దేరేటట్టయితే ఒక్క సలహా. చికిత్స తేదీలు రాసుకునేటప్పుడు వాళ్లు చెప్పినవి రాసుకుని రాకండి, ముందు మీ తేదీలు చెప్పండి. సోమవారం మందు ఎక్కించే ముందు, వరి కోతల వారం ఖాళీగా కావాలని అడిగాను. డాక్టరమ్మ తలెత్తి చూసి, "ఎన్ని ఎకరాలు?" అంది. "నాది కాదండి" అన్నాను. ఒక డోసు నాలుగు రోజులు జరిపినా ఇబ్బంది లేదని చెప్పి, తేదీల పట్టికలో ఆ వారాన్ని ఖాళీ చేసింది.