బావిలో బబ్బెర గుడాలు

మా అన్న ముత్యం పోయి ఏడాది దాటింది. గోదావరిఖనిలో ఆయనను సన్నగా చూసినవాళ్లు ఎవరూ లేరు. పెళ్లి ఫొటోలోనే చొక్కా గుండీలు తెగేలా ఉంటాయి. అన్నం మామూలుగానే తినేవాడు. నడుమ నడుమ తినేదే ఆయనను అంతవాణ్ణి చేసింది. డ్యూటీ దిగి వస్తూ దారిలో మిర్చి బజ్జీలు, ఇంటికి రాగానే చాయలో ముంచుకొని మురుకులు, టీవీ ముందు సర్వపిండి. "ఈ మనిషి ఆకలైతే తినడు, చేతులు ఖాళీగుంటే తింటడు" అనేది మా వదిన శోభ.

బొగ్గు బావిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఏళ్లుగా ఒకే ముఠా, అయిదుగురు. ఒకసారి ఆరోగ్య పరీక్షలో బీపీ, బరువు రెండూ ఎక్కువొచ్చాయి. డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది. మూడు నెలల్లో తగ్గితే సరే, లేకపోతే బావి దిగనివ్వరు, పైన ఏదో పని ఇస్తారు.

ఆ సాయంత్రం అన్న మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పైన లాంపులిచ్చే గదిల కూసోబెడ్తరట చెల్లె. ఒక్కన్ని ఏం చెయ్యాలె ఆడ? గోడలతోని మాట్లాడాల్నా?"

"బావి కంటె పైనే నయం కదనే అన్నా. గాలి, వెల్తురు ఉంటయి."

"గాలికేంది, యాడన్న ఉంటది. ఆగయ్య ఉండద్దా?"

ఆగయ్య ఆ ముఠాలోవాడు. వరసకు బావమరిది కాడు గానీ అన్నను "బావ" అని పిలిచి ఏడిపించే హక్కు ఎప్పుడో సంపాదించుకున్నాడు.

మర్నాటి నుంచి వదిన అన్న డబ్బా మార్చేసింది. శనగలో, బబ్బెర్లు అనే అలసందలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మరసం కలిపిన గుడాలు. పక్కన కీరకాయ, ఒక జామపండు. ఇంట్లో మురుకుల డబ్బా మాయమైంది. బజ్జీల బండి ముందు నుంచి రాకుండా చుట్టు తిరిగి ఇంటికొచ్చేవాడు అన్న. నెల తిరిగాక దవాఖానలో తూకం ఎక్కితే ముల్లు ఇంకాస్త ముందుకే పోయింది.

ఇంటికొచ్చాక వదిన అడిగింది.

"నిజం చెప్పు. బజ్జీలు తింటున్నవా?"

"నీ మీద ఒట్టు, బండి దిక్కు చూస్తలేను."

"నా మీద ఎందుకు ఒట్టేస్తవు? నీ పొట్ట మీద ఒట్టెయ్యి."

అసలు సంగతి కూరగాయల అంగడిలో తెలిసింది. ఆగయ్య భార్య సారవ్వ వదిన చెయ్యి పట్టుకొని నవ్వింది. "శోభక్కా, నీ గుడాల పుణ్యాన మావోని పొట్ట తగ్గింది. లాగు జారుతున్నదని నడుముకు తాడు కట్టుకుంటున్నడు."

వదినకు అప్పుడు తట్టింది. ఆ ముఠాలో ఎవరి డబ్బా వాళ్లు తినరు. బావిలో అన్నీ విప్పి నడుమ పెడతారు. ఎవరు తెచ్చింది వాళ్లు పక్కవాడికి వడ్డించాలి, పక్కవాడిది తాము తినాలి. కిందికి దిగాక ఒక్కడే తింటే తప్పు. అన్న ఆ సంగతి వదినకు ఎన్నోసార్లు చెప్పాడు. తీరా డబ్బా కట్టేటప్పుడు ఇద్దరికీ గుర్తు రాలేదు. గుడాలు ఆగయ్య తింటుంటే, సారవ్వ కట్టిన గారెలు, పూరీలు మా అన్న తింటున్నాడు.

"రేపటి నుంచి నీ డబ్బా నువ్వే తిను" అంది వదిన.

మర్నాడు అన్న డబ్బా తీసుకొని కాస్త దూరంగా, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ముఠా అంతా చూసింది. రెండో రోజు మిగతావాళ్లు కూడా ఎవరి డబ్బా వాళ్లు విప్పుకొని తిన్నారు. మూడో రోజు ఆగయ్య ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"ఏంది బావా, మా సారవ్వ చేతి వంట చేదైందా? లేకపోతే మేమే చేదైనమా?"

డాక్టరు మాట అన్న అప్పటిదాకా ముఠాకు చెప్పలేదు, సిగ్గుపడి. ఇక దాచలేకపోయాడు.

"బరువు తగ్గకపోతే పైకి పంపుతరురా నన్ను."

ఆగయ్య అక్కడే చతికిలబడ్డాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా? నెల సంది నీకు గారెలు తినిపిస్తున్న కదనే! నేనే పంపుతున్న నిన్ను పైకి!"

ఆ సాయంత్రం సారవ్వ మా వదిన దగ్గరికొచ్చింది. ఇద్దరూ కలిసి మిగతా మూడిళ్లూ తిరిగారు. "ఒక్కని పొట్ట కోసం అయిదుగురికి ఉపాసమా" అని ఒకామె గొణిగింది గానీ మర్నాడు మక్క గుడాలు ఆమే ముందు కట్టింది. ఒకరు ఉడకబెట్టిన గుడ్లు, ఒకరు మొలకెత్తిన పెసర్లు, ఒకరు పండ్ల ముక్కలు. డబ్బాలు మళ్లీ నడుమకొచ్చాయి. అన్న మళ్లీ పక్కవాడిదే తిన్నాడు.

మొదటి వారం బబ్బెర్లు కాస్త ఎక్కువయ్యాయి. ముఠా సర్దారు గట్టయ్య కాక ముక్కు మూసుకొని, "బావిల గ్యాసు కొలిచే మీటరు తేండ్రి, జల్ది! ఈ ముత్యం పక్కన కొలవాలె" అని అరిచాడట. ఆ మాట చెప్పి అన్న ఎంత నవ్వాడో, పొట్ట పట్టుకొని.

మూడో నెల పరీక్షకు వదినతో పాటు నేనూ వెంట వెళ్లాను. బరువు చెప్పినంత తగ్గలేదు, కొంచెం మిగిలింది. బీపీ మాత్రం దిగింది. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, "ఫిట్ రాస్తున్న. మళ్లా పెంచుకొని రావద్దు. ఏం తిన్నవు ఇన్ని రోజులు?" అని అడిగింది.

"ఆగయ్య డబ్బా, మేడం" అన్నాడు అన్న.

ఆమెకు అర్థం కాలేదు. అన్న చెప్పబోయి, గోడ గడియారం చూసి లేచాడు. చెప్పులు వేసుకొని, మమ్మల్ని కూడా పట్టించుకోకుండా గబగబా బయటికి నడిచాడు. ఆ వారం ముఠాది రెండో షిఫ్టు, బావి దిగే వేళ అయింది. వాళ్లు దిగకముందే ఆగయ్యకు చెప్పాలని ఆయన తొందర.