దుబాసీ అత్తగారు

అప్పయమ్మకు హిందీ వచ్చు. ఆ సంగతి ఆమే ఊరందరికీ చెబుతుంది కాబట్టి మనం వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి కొత్త పెళ్లికూతురిగా భిలాయిలో రైలు దిగిన రోజున ఆమెకు మంచినీళ్లు అడగడం కూడా చేతకాలేదు. భర్త సత్యారావు ఉక్కు ప్లాంటులో షిఫ్టుకు పోతే, కంపెనీ ఇచ్చిన సెక్టార్ క్వార్టర్ గుమ్మంలో నిలబడి కూరగాయల బండివాడితో, పాలవాడితో, పక్కింటి బిహారీ ఆవిడతో తగువులాడి తగువులాడి నేర్చుకుంది. ఆయన రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, అక్కడే స్మృతి నగర్‌లో ఇల్లు కట్టుకునేనాటికి చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్లకు బ్యాంకులోనూ బడిలోనూ ఆస్పత్రిలోనూ ఆమే నోరు.

ఈ దుబాసీ పనిలో ఆమెకో పద్ధతి ఉంది. అన్నది అన్నట్టు చెప్పదు, కాస్త సాపు చేసి చెబుతుంది. వాళ్ల విసురు వీళ్లకు తగలనివ్వదు, వీళ్ల గోల వాళ్ల చెవిన పడనివ్వదు. ఎవరైనా అడిగితే "ఉన్నవన్నీ చెప్పేస్తే పనులవుతాయేటి?" అంటుంది. చాలా పనులు అలాగే అయ్యాయి కూడా. అందుకే ఆ పద్ధతి తప్పని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

కొడుకు సుభాష్ దగ్గర్లోని హథ్‌ఖోజ్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో పనిచేస్తాడు. అతనికి తమవైపు పిల్లనే, భాగ్యరేఖను చేసుకున్నారు. చిన్నప్పుడే తల్లి పోయిన పిల్ల. హిందీ ముక్క రాదు. మొగుడేమో ఇక్కడే పుట్టి పెరిగి, తెలుగులో పెళ్లాంతో ప్రేమగా రెండు మాటలు ఆడాలన్నా తడుముకునే రకం. దాంతో ఆ పిల్ల రోజంతా అత్త కొంగు పట్టుకునే తిరిగేది. అప్పయమ్మకూ అది ముద్దుగానే ఉండేది. ఆడపిల్ల లేని లోటు తీరిందని సంబరపడేది.

కోడలు నెల తప్పగానే ఆస్పత్రికి తీసుకువెళ్లడం అత్తగారి వంతయింది. తన కాన్పులప్పుడు నొప్పులు మొదలయ్యాక తప్ప ఆస్పత్రి మొహం చూడని మనిషి అప్పయమ్మ. ఇప్పటి వరస చూసి ముక్కు మీద వేలేసుకుంది. మొదట నెలకోసారి రావాలట, ఏడో నెల దాటాక రెండు వారాలకోసారి, ఆఖర్న వారం వారం. మొదటిసారి రక్తం తీసి గ్రూపు, థైరాయిడ్, రక్తం శాతం అన్నీ చూశారు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా ముందు బరువు, బీపీ, మూత్రం చూసేవారు. అయిదో నెలలో పెద్ద స్కానింగ్ చేసి బిడ్డ గుండె, వెన్ను, కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే పరీక్షగా చూశారు. ఇంకోసారి చక్కెర నీళ్లు తాగించి, కూర్చోబెట్టి, రక్తం తీశారు. ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్లు సరేసరి. డాక్టరమ్మ టేపుతో పొట్ట కొలిచి, బిడ్డ గుండె చప్పుడు వినిపించినప్పుడు మాత్రం అత్తాకోడళ్లిద్దరూ ఊపిరి బిగబట్టేవారు.

ప్రశ్నలు హిందీలో వచ్చేవి, జవాబులు శ్రీకాకుళం తెలుగులో వెళ్లేవి. నడుమ అప్పయమ్మ. ఒకసారి బరువు పెరగలేదని డాక్టరమ్మ "ఇంట్లో ఈ పిల్లకు తిండి పెట్టడం లేదా?" అని గదమాయించింది. అప్పయమ్మ తెలుగులో "బాగా తినమంటంది" అని ఊరుకుంది. ఐరన్ గోలీలు వేసుకుంటే విరేచనం కావడం లేదని కోడలు చెబితే, కాంపౌండరు వింటున్నాడని సిగ్గుపడి ఆ మాట మింగేసింది. చెప్పి ఉంటే గోలీ మార్చేవారు. ఆ పిల్ల నెలరోజులు ఊరికే అవస్థపడింది. అయినా కొంపలేమీ మునగలేదు కదా అనుకుంది అప్పయమ్మ. కొంపలు మునగకపోవడమే ఆమెను చెడగొట్టింది.

తొమ్మిదో నెల పడింది. ఆదివారం సీమంతం పెట్టుకున్నారు. తల్లి లేని పిల్లకు తల్లి చేసేదానికంటే ఘనంగా గాజులు తొడిగించాలని అప్పయమ్మ పంతం. సెక్టార్లలో ఉన్న పాత స్నేహితురాళ్లందర్నీ పిలిచింది. ఇంతలో ఆ వారం చూపించుకోవలసిన రోజు వచ్చింది.

నర్సు బీపీ చూసింది, ఎక్కువుందని మళ్లీ చూసింది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, తలనొప్పి ఉందా, కళ్లు మసకలొస్తున్నాయా అని అడిగింది. అప్పయమ్మ ప్రశ్నను బుద్ధిగానే తెలుగులోకి మార్చింది.

"ఉందత్తా. నిన్నట్నుంచి తల పగిలిపోతంది. కళ్లముందు మిణుగురులు తిరిగినట్టుంది" అంది భాగ్యరేఖ.

ఆ మాట హిందీలో చెబితే ఏమవుతుందో అప్పయమ్మకు తెలుసు. మంచం చూపించి పడుకోమంటారు. ఆదివారం పందిరి కింద పీట ఖాళీగా ఉంటుంది. ఈ ఎండలకు ఎవరికి తలనొప్పి రాదు? ఇంటికెళ్లి మజ్జిగ తాగితే అదే పోతుంది. ఇదంతా ఆలోచించడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది.

"నహీ డాక్టర్ సాబ్. సబ్ ఠీక్ హై."

డాక్టరమ్మకు ఎందుకో నమ్మకం కుదరలేదు. ఎల్లుండి మళ్లీ తీసుకురమ్మంది. ఈలోపు తల నొప్పెట్టినా, చూపు మసకేసినా, పొట్ట పైభాగాన నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వేళ చూడకుండా పరిగెత్తుకు రమ్మంది. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వచ్చే సంగతి, గుర్తుపెట్టుకోండి అని వేలెత్తి చెప్పింది.

"ఏటంటందత్తా?"

"ఉప్పు తగ్గించమంటంది. సోమవారం రమ్మంది."

"అంతసేపు మాటాడింది, ఇంతేనేటి?"

"డాక్టర్లింతే. పద, ఆటో దొరకదు."

ఎల్లుండి వచ్చింది, పోయింది. అప్పయమ్మ సున్నుండలు చుడుతూ కూర్చుంది. కోడలు చీకటి గదిలో తలకు గుడ్డ కట్టుకుని పడుకుంటే రెండుసార్లు తొంగిచూసి, మళ్లీ వంటింట్లోకి వచ్చేసింది.

ఆదివారం పీట మీద కూర్చోబెట్టారు. పెద్ద ముత్తయిదువ హైమవతి భాగ్యరేఖ చెయ్యి పట్టుకుని గాజు ఎక్కించబోయింది. వారం కిందట కొలత చూసి తెచ్చిన గాజులే. కణుపుల దగ్గర ఆగిపోయింది. సబ్బు రాసింది. గాజు చిట్లింది.

"కోడల్ని బాగానే మేపినావు అప్పయమ్మా" అని హైమవతి నవ్వింది, అందరూ నవ్వారు. భాగ్యరేఖ నవ్వలేదు. అత్త చెవి దగ్గరకు వంగి మెల్లగా, "అత్తా, గాజులు రెండేసి కనపడతన్నాయి" అంది.

డాక్టరమ్మ ఎత్తిన వేలు అప్పయమ్మ కళ్లముందు నిలబడింది. విస్తళ్లు వేసి ఉన్నాయి, పులిహోర గిన్నె మూత తీసి ఉంది. అన్నీ అలాగే వదిలేసి, పసుపు చేతులతోనే కోడల్ని లేపి, సుభాష్‌ను కారు కోసం కేకేసింది.

ఆస్పత్రిలో ఆ డాక్టరమ్మే ఉంది. బీపీ చూడగానే ఆమె మొహం మారిపోయింది. తలనొప్పి ఎప్పట్నుంచి అని అడిగింది. అప్పయమ్మ, మొన్న వచ్చిన రోజు కూడా ఉందని, పిల్ల చెప్పిందని, తానే చెప్పలేదని హిందీలో ఒప్పుకుంది. డాక్టరమ్మ ఒక్క చూపు చూసింది, తిట్టలేదు. తిట్టే తీరిక ఆమెకు లేదు. స్ట్రెచర్ కదిలింది. "ఏటన్నావత్తా?" అని భాగ్యరేఖ తల తిప్పి అడిగింది. "ఏటీ లేదమ్మా, నయమైపోతాది" అంది అప్పయమ్మ. అప్పుడు కూడా సాపు చేసే చెప్పింది.

ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. గాజుపెట్టెలో పెట్టారు. తల్లి బీపీ దిగడానికి రోజులు పట్టింది. ఆ రోజులన్నీ అప్పయమ్మ వరండాలో బెంచీ మీదే గడిపింది. సత్యారావు తెచ్చిన కారేజీ తెచ్చినట్టే తిరిగి వెళ్లేది. ఈ చేతులతోనే సున్నుండలు చుట్టాను కదా అని అరచేతులు చూసుకునేది. పుల్లలాంటి ఆ బిడ్డను అద్దంలోంచి చూసినప్పుడల్లా, అమ్మ కడుపులో ఇంకా హాయిగా ఉండవలసినదాన్ని తానే బయటికి ఈడ్చినట్టు ఆమెకు అనిపించేది.

చివరికి పాపను తల్లి పక్కలో పడుకోబెట్టారు. భాగ్యరేఖ అత్త చెయ్యి పట్టుకుంది.

"పేరంటం ఒదిలేసి పరిగెత్తి తెచ్చినావు కాబట్టి బతికినాం అత్తా. మాయమ్ముంటే ఇంతే చేసును."

చెంపదెబ్బ కొట్టినా అప్పయమ్మకు అంత నొప్పి తగిలేది కాదు. చెయ్యి విడిపించుకుంది.

"నీ తలనొప్పి సంగతి నాను ఆవిడకి చెప్పలేదమ్మా. కళ్ల సంగతీ చెప్పలేదు. ఎల్లుండి రమ్మంది, సోమవారమని నీకు చెప్పినాను. ప్రాణం మీదికొస్తాదని చెప్పింది, ఉప్పు తగ్గించమందని చెప్పినాను. పేరంటం పాడవుతాదని. నన్ను మీయమ్మతో పోల్చకు."

భాగ్యరేఖ పాపను దగ్గరకు లాక్కుంది. అత్త వైపు తిరగలేదు. అప్పుడే డాక్టరమ్మ వార్డులోకి వచ్చి, ఎలా ఉన్నావని అడిగింది. అప్పయమ్మ తల వంచుకునే తెలుగులో అడిగింది.

"కోత దగ్గర నొప్పిగుంది" అంది కోడలు. "పాప పాలు లాగట్లేదని భయంగుంది." కాస్త ఆగింది. "మా అత్త మీద కోపంగుంది. చెప్పు. ఒక్కటీ ఒదలకు."

అప్పయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని డాక్టరమ్మ వైపు తిరిగింది. కోత వైపు చూపించి దర్ద్ హై అంది. బచ్చీ దూధ్ నహీ పీ రహీ, డర్ లగ్ రహా హై అంది. మూడోది కూడా చెప్పింది.

"సాస్ పర్ గుస్సా హై."

డాక్టరమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మూడూ చెప్పినావా?" అని అడిగింది భాగ్యరేఖ.

"మూడూ చెప్పినానమ్మా."