ఐసు ఫ్యాక్టరీ కూడలిలో పసుపు గళ్లు

పాత ఐసు ఫ్యాక్టరీ కూడలిలో పసుపు గళ్లని మాంగ్ సెవెరోయే చెరిపేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. తెల్లారకముందే, మనిషి అలికిడి లేని వేళ, గ్రైండరు భుజాన వేసుకొచ్చి, కెమెరాకి వీపు పెట్టి, రెండు మీటర్ల గళ్లు గీకి పారేశాడట. అందుకు, సిటీ బస్సుల్లా జనాన్ని ఎక్కించుకుని తిరిగే జీప్నీల డ్రైవర్ల సంఘం అతనికి ఒక బండిలో వాటా రాసిచ్చిందట. కాలవ పక్కన కొట్టు పెట్టుకున్న ఆలింగ్ తురింగ్ ఇంకో మెట్టు ఎక్కి, "వాటా ఏంటి, బండే ఇచ్చారు. దాని నుదుటి మీద వాళ్లావిడ పేరు కూడా రాయించారు" అంటుంది. ఆ పేరున్న బండిని నువ్వు చూశావా అని అడిగితే, "కొట్టొదిలి పోయి చూసే తీరిక నాకెక్కడిది?" అంటుంది.

ఊళ్లో గౌరవంగా మాంగ్ అని పిలిచే సెవెరో దిమాయుగాకి యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, మాట తక్కువ. కుడి ముంజేతి మీద కాలిన మచ్చలు వరసగా ఉంటాయి. రోడ్డు మీద గీతలు వేసే రంగు పొడిగా వస్తుంది. దాన్ని బాయిలర్లో కరిగించి, చక్రాల పెట్టెలో పోసి, తారు మీద లాక్కుంటూ పోవాలి. చేతి మీద చిమ్మిందంటే చర్మంతో సహా ఊడొస్తుంది. పదకొండేళ్లుగా అతను చేస్తున్నది ఆ పనే.

అంతకుముందు జీప్నీల మీద పేర్లు రాసేవాడు. ఏ బండి ఏ దారిన పోతుందో పక్కన రాయాలి. ముందద్దం పైన యజమాని కూతుళ్ల పేర్లో, పునీతుల పేర్లో రాయాలి. అతను కుంచె పట్టాడంటే అక్షరం అటూ ఇటూ పోయేది కాదు. తర్వాత అంటించే స్టిక్కర్లు వచ్చాయి. ఒక వారమంతా ఎవరూ పిలవకపోయేసరికి, సోమవారం పొద్దున్నే నగర కార్యాలయానికి వెళ్లి గీతల ముఠాలో చేరాడు.

అక్కడ ఉద్యోగమంటే ఆరు నెలల కాగితం. జనవరి ఆఖరుకి ఒకటి అయిపోతుంది, జులై ఆఖరుకి ఇంకొకటి. ఇంజినీరు సంతకం పెడితే మరో ఆరు నెలలు. అలా ఇరవై రెండు కాగితాలు గడిచాయి. ఈ ఏడాది ఆరుగురిని పర్మనెంటు చేస్తామన్నారు, ఆగస్టు ఒకటి నుంచి. జాబితాలో నాలుగో పేరు సెవెరోది. అతని భార్య పసీతా ఇంట్లో బడిపిల్లల బట్టలు కుడుతుంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు గానీ, పీఠం మీద మేరీమాత బొమ్మ ముందు రోజూ ఒక కొత్త పువ్వు పెట్టడం మొదలుపెట్టింది.

గీతలు ఎక్కడెక్కడ వెయ్యాలో ముఠాకి డ్రాయింగు ఇస్తారు. అది వానకి తడుస్తుంది, చెమటకి చిరుగుతుంది. అందుకని ముఠాలో పాతవాళ్లు ఎప్పుడో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి కూడలిలోనూ ఫుట్‌పాత్ అంచు రాళ్లలో ఒకదానికి మేకు దిగ్గొడతారు. డ్రాయింగు ఒక్కసారి చూసి, మేకు నుంచి ఏ గీత ఎంత దూరమో బట్టీ పట్టేస్తారు. ఇక ఎప్పుడు కొలిచినా మేకు నుంచే. కొత్తగా తారు పోసి పాత గీతలన్నీ కప్పేసినా మేకు మాత్రం ఉంటుంది. ఇంజినీర్లు మారారు, మేయర్లు మారారు, మేకులు మారలేదు.

మార్చిలో ఐసు ఫ్యాక్టరీ కూడలికి కొత్త తారు వేశారు. సెవెరో టేపు పట్టి, మేకు నుంచి కొలిచి, సుద్ద దారం కొట్టి, నడిమధ్య పసుపు గళ్లు వేశాడు. ఆ గళ్లలో ఏ బండీ నిలబడకూడదు. అవతల ఖాళీ ఉంటేనే అందులోకి రావాలి. ఏప్రిల్లో ఒక ప్రైవేటు కంపెనీ వాళ్లొచ్చి స్తంభం పాతి కెమెరా పెట్టారు. మే నుంచి ఇళ్లకి ఉత్తరాలు రావడం మొదలైంది. బండి ఫొటో, తారీఖు, తప్పు, జరిమానా. కట్టకపోతే బండి కాగితాలు తిరగరాయరు.

జులై మొదటి వారంలో ఒక సాయంత్రం సెవెరో పని ముగించుకుని నెస్తోర్ జీప్నీలో ఇంటికి వస్తున్నాడు. నెస్తోర్ బండి నెస్తోర్‌దే, నడిపేదీ అతనే. కూడలి దాటగానే స్టాపు. ఎదురు బల్ల మీద చేపల బుట్టతో కూర్చున్న ముసలావిడ కప్పు మీద రెండు దెబ్బలు కొట్టింది. బండి ఆగలేదు. స్టాపు దాటి చాలా దూరం పోయి ఆగింది.

"ఏం బాబూ, స్టాపు అక్కడుంటే ఇక్కడి దాకా ఈడ్చుకొచ్చావేం? నా మోకాళ్లంటే అంత లోకువా?"

"అక్కడ ఆపితే ఫొటో తీస్తాడు, అమ్మా" అని నెస్తోర్ అద్దంలోంచి కెమెరా స్తంభం చూపించాడు. "ఇప్పటికి పదకొండు తీశాడు. అన్నిట్లోనూ నా బండి వెనక భాగమే. నా మొహం ఒక్కదాంట్లోనూ పడలేదు."

"పడకపోవడమే నయం" అంది ఆవిడ దిగుతూ. బండంతా నవ్వింది.

సెవెరో నవ్వలేదు. తనూ అక్కడే దిగిపోయి వెనక్కి నడిచాడు. స్టాపు స్తంభం దగ్గర ఇంకో జీప్నీ ఆగి ఉంది, ముందు భాగం సరిగ్గా స్తంభానికి ఎదురుగా. దాని వెనక మెట్టు పసుపు గళ్లలో ఉంది. అలా ఉండకూడదు. గళ్లకీ ఆగిన బండి తోకకీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉండాలి. అతను అంచు రాళ్లు లెక్కపెట్టాడు. మేకు రాయి లైటు స్తంభం నుంచి తొమ్మిదోది. ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఇప్పుడది పదకొండోది.

ఫిబ్రవరిలో మురుగు కాలవ కోసం ఆ రాళ్లన్నీ పెకలించి మళ్లీ పేర్చారు. కాలవ పని జరిగిందని సెవెరోకి తెలుసు. రాళ్ల వరస మారి ఉంటుందని మాత్రం తట్టలేదు. మేకు కనిపించింది, కొలిచాడు, అంతే.

మర్నాడు పనికి పోతూ టేపు పట్టి చూశాడు. రెండు మీటర్ల మీద జానెడు. ముఠా మేస్త్రీ ఆంబోకి చెప్పాడు. ఇద్దరూ ఒకే ఏడు చేరినవాళ్లు, ఒకరినొకరు "పరే" అనుకుంటారు.

"ఎవరెవరికి చెప్పావు?" అన్నాడు ఆంబో.

"నీకే."

"మంచిది. మిగతావాళ్లకి ఆగస్టు ఒకటిన చెబుదువు."

"విచారణ ఇరవై రెండున కదా, పరే."

"విచారణ డ్రైవర్ల గొడవ. మన గొడవ ముప్పై ఒకటి."

విచారణ అంటే నగర మండలి పెట్టినది. కెమెరాలు తీసెయ్యమని డ్రైవర్ల సంఘం, ఒక్కటి కూడా తియ్యొద్దని కంపెనీ. మధ్యలో మండలి కమిటీ ఒక నిబంధనల పత్రం తయారు చేసింది. కెమెరా ఉన్న చోట గీతలూ బోర్డులూ ఇంజినీరు కొలిచి సంతకం పెట్టాలి. ఫొటోని మనిషి చూశాకే ఉత్తరం పంపాలి. ఇప్పటిదాకా పంపిన ఉత్తరాల విషయంలో మాత్రం, గీతలో తప్పుందని ఇరవై రెండో తారీఖు విచారణలో తేలిన చోటే రద్దు. తేలకపోతే రద్దు లేదు. నెస్తోర్ బండి నంబరు చివర ఏడు. ఏడంటే కాగితాలు జులైలోనే తిరగరాయించుకోవాలి. పదకొండు ఉత్తరాలూ అలాగే ఉంటే ఆగస్టు నుంచి బండి ఇంటి ముందే.

రెండు వారాలు సెవెరో ఎవరితోనూ ఏమీ అనలేదు. ఇరవై ఒకటో తారీఖు పొద్దున, పసీతా వెల్లుల్లి వేసి రాత్రి అన్నం వేయిస్తుంటే, పొయ్యి పక్కన నిలబడి మొత్తం చెప్పేశాడు. ఆవిడ గరిట ఆపలేదు.

"ఆ మేకు ఎవరు కొట్టారు?"

"ముందున్న పెద్దాయన."

"పోయాడు కదా ఆయన?"

"పోయాడు."

"ఇంకేం, ఆయన తప్పని చెప్పు. ఆయనొచ్చి కాదంటాడా?"

"మేకు ఆయనదే. టేపు నాది."

ఆవిడ అన్నం పళ్లెంలో పెట్టి, పైన ఎండుచేప వేసి, అతని ముందుకి తోసింది. "నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది. "ఇన్నాళ్లూ నువ్వొక్కడివే మోశావు. ఇప్పుడు ఇద్దరం మోస్తే బరువేమైనా తగ్గిందా?"

తగ్గలేదని అతను ఒప్పుకున్నాడు.

విచారణ రోజు మండలి హాల్లో ఫ్యాన్లు నాలుగు తిరుగుతున్నాయి, రెండు తిరగడం లేదు. ఇంజినీర్ మరవిల్యా గీతల ముఠాని కూడా వెంటబెట్టుకొచ్చింది. తన విభాగం కుర్చీలు ఖాళీగా కనిపించడం ఆవిడకి ఇష్టం ఉండదు. ఆరుగురూ పసుపు చొక్కాల్లో ఒకే వరసలో కూర్చున్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. జాబితాలో సెవెరో పేరు రాసింది ఆవిడే.

నెస్తోర్ లేచి, పదకొండు ఫొటోలూ బల్ల మీద పేకముక్కల్లా పరిచాడు.

"స్టాపులో ఆగితే తప్పంటారు. స్టాపు కాని చోట ఆగితే పోలీసు పట్టుకుంటాడు. గాల్లో ఆగే బండి ఉంటే చెప్పండి, కొనుక్కుంటాం."

కంపెనీ మనిషి కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా. "కెమెరా గీతని మాత్రమే చూస్తుందండీ. గీత సరైన చోట ఉందా లేదా అన్నది కెమెరా పని కాదు."

"మేం మే నెల నుంచీ అడిగేది అదే కదండీ! అది ఎవరి పని?" అన్నాడు నెస్తోర్.

కమిటీ పెద్దగా కూర్చున్న కౌన్సిలరమ్మ ఇంజినీరు వైపు చూసింది. "గీతలు డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి" అంది మరవిల్యా. "వేసిన ముఠా కూడా ఇక్కడే ఉంది" అని వెనక్కి తిరిగి చిన్నగా నవ్వింది, ఇక అయిపోయిందన్నట్టు.

ఆంబో చెయ్యి సెవెరో మోకాలి మీద పడింది. గట్టిగా పట్టుకుంది. సెవెరో ఆ చేతిని రెండు చేతులతో తీసి, ఆంబో మోకాలి మీదే పెట్టి, లేచి నిలబడ్డాడు.

"లేవండి" అన్నాడు. ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు: "డ్రాయింగు ప్రకారం లేవండి. రెండు మీటర్లు ఎక్కువున్నాయి. నేనే కొలిచాను."

"ఎక్కణ్ణుంచి కొలిచావు?" అంది కౌన్సిలరమ్మ.

"మేకు నుంచండి."

వెనక వరసలో డ్రైవర్లు నవ్వారు. మరవిల్యా డ్రాయింగు విప్పింది. "ఏ మేకు? ఇందులో మేకు అన్నదే లేదు."

"అందులో ఉండదండీ. రాతిలో ఉంటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాత అతను చెప్పినదంతా ముక్కలు ముక్కలుగానే చెప్పాడు. రాళ్లు, కాలవ, తొమ్మిది, పదకొండు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కౌన్సిలరమ్మ ఒక్కటే అడిగింది: "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఈ నెల మొదట్లోనండి."

"మరి ఇప్పటిదాకా?"

సెవెరో తలవంచి తన పసుపు చొక్కా వైపు చూసుకున్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే కమిటీ వాళ్లు గొడుగులేసుకుని కూడలికి వెళ్లారు. టేపు ఒక కొస సెవెరో, ఇంకో కొస మరవిల్యా పట్టుకున్నారు. రెండు మీటర్ల మీద జానెడు. ఆవిడ ఆ అంకె తనే రాసి, కింద సంతకం పెట్టి, టేపు కొస వదిలేసి కారెక్కింది. ఇరవై ఎనిమిదిన నిబంధనలు ఆమోదం పొందాయి. కెమెరా పెట్టే ముందే కాక, ఆ చోట రోడ్డుకి ఏ మరమ్మతు జరిగినా, గీతలు మళ్లీ కొలిచేదాకా కెమెరా వాడకూడదని కొత్తగా ఒక వాక్యం చేర్చారు. ఐసు ఫ్యాక్టరీ కూడలి నుంచి వెళ్లిన ఉత్తరాలన్నీ రద్దు చేసి, గళ్లు సరిచేసేదాకా అక్కడి కెమెరాకి సంచీ తొడిగారు.

ముప్పైన నెస్తోర్‌కి కాగితాలు వచ్చాయి. ఆ సాయంత్రం సెవెరో అతని బండే ఎక్కి, టికెట్టు డబ్బులు పక్కవాళ్ల చేతికిచ్చాడు. అవి చేతులు మారుతూ ముందుకి పోయి, మళ్లీ చేతులు మారుతూ వెనక్కి వచ్చాయి. సెవెరో మళ్లీ పంపాడు. మళ్లీ వచ్చాయి.

"కుయా, మీ దగ్గర తీసుకోను" అని, అన్నని పిలిచినట్టు, ముందు నుంచి కేకేశాడు నెస్తోర్.

"మీరిద్దరూ తేల్చుకోండి, నా చెయ్యి లాగుతోంది" అంది మధ్యలో కూర్చున్న నర్సు.

మూడోసారి పంపితే నెస్తోర్ ఉంచుకున్నాడు. బండిలో వాటా అన్న కథ అక్కడి నుంచే పుట్టి ఉండాలి. ఆ రోజు బండిలో పద్దెనిమిది మంది ఉన్నారు, పద్దెనిమిది ఇళ్లకి వెళ్లారు.

గళ్లు చెరిపింది ఆగస్టు పద్దెనిమిదో తారీఖు, పొద్దున పదింటికి, నలుగురు పనివాళ్లు, మరవిల్యా సంతకంతో ఇచ్చిన ఆర్డరు మీద. ఆంబో టేపు పట్టాడు. సెవెరో అక్కడ లేడు. అతని ఇరవై రెండో కాగితం జులై ముప్పై ఒకటిన అయిపోయింది, ఇరవై మూడోది ఎవరూ రాయలేదు.