మొసలి బాగుందండి

ఒక మొసలిని నలుగురిలో మెచ్చుకున్న పాపానికి నా పెళ్ళి దాదాపు ఆగిపోయింది. దాదాపు అని ఎందుకంటున్నానో చివర్లో మీకే తెలుస్తుంది. అప్పటిదాకా నా మీద జాలిపడకండి, అంత యోగ్యత నాకు లేదు. ఆ రోజుల్లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, తీరిక వేళల్లో లోకాన్ని ఉద్ధరిస్తూ ఉండేవాణ్ణి. పిల్లలు నా క్లాసుకి రాకుండా ఆ తీరికను ఉదారంగా సమకూర్చేవారు.

ముందు మొసలి సంగతి. రాజోలు అవతల వశిష్ఠ గోదావరి గట్టున, కొబ్బరికాయల వ్యాపారం చేసే సూర్యారావుగారు ఒక పార్కు పెట్టారు. అందులో చీకటి పడగానే చెరువు మీద 'గోదారమ్మ వెలుగులు' అని ఒక షో వేసేవారు. నా చిన్నప్పటినుంచీ కథ ఒకటే. కొత్త కోడలి సారె వేసుకుని పడవ బయల్దేరుతుంది. మధ్యలో మొసలి అడ్డం పడుతుంది. గోదారమ్మ ఫౌంటెను రూపంలో లేచి దాన్ని తరిమేస్తుంది. సారె ఒడ్డు చేరుతుంది. జనం వేరుశనక్కాయల తొక్కలు దులుపుకుని ఇళ్ళకు పోతారు.

మొసలి అంటే ఇనప చట్రం మీద ఫైబరుతో చేసింది. చిన్న పడవంత ఉంటుంది. ఒక కంట్లో బల్బు ఎప్పుడో మాడిపోవడం వల్ల పడవ నడిపే సరంగుకేసి కన్నుకొడుతున్నట్టు కనిపించేది. వర్షాకాలంలో తెరిచిన నోరు మూతపడేది కాదు. అలాంటి రోజుల్లో గోదారమ్మ గెలిచినా మొసలి ఓటమి ఒప్పుకునేది కాదు. అది నోరు తెరవగానే జనమంతా ఒక్క గొంతుతో "సరంగుగారూ, వెనకాల మొసలండోయ్!" అని అరవాలి. ప్రాణం మీదికొచ్చినా 'అండీ' వదలకపోవడం మా వైపు పద్ధతి.

అలాంటి షోని ఒకనాడు మార్చేశారు. కథ చెప్పే పాత గొంతు పోయి కొత్త గొంతు వచ్చింది. నీళ్ళ తెర మీద లేజరు కిరణాలు వచ్చాయి. మొసలిని తీసేసి, దాని స్థానంలో వెలుగుతో గీసిన మొసలిని పెట్టారు.

కోనసీమలో వరదలొచ్చినప్పుడు కూడా అంత ఏడుపు నేను వినలేదు. నేనూ, నా స్నేహితుడు చంటీ కలిసి వాట్సాప్‌లో 'మొసలి అభిమానులు' అని గ్రూపు పెడితే అది తెల్లారేసరికి నిండిపోయింది. "ఇక్కడ ఎండలో మాడిపోతా ఆ మొసలిని తల్చుకునే బతుకుతున్నానండి, ఇప్పుడు దేన్ని తల్చుకోమంటారు?" అని మస్కట్ నుంచి ఒకాయన గద్గద స్వరంతో రికార్డు చేసి పంపాడు. ఆయనకి భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నట్టు తర్వాత తెలిసింది. అల్లవరంలో రొయ్యల చెరువులున్న ఒకాయన, "ఆ ఫౌంటెను కంటే మా చెరువులో నీళ్ళు చిమ్మే ఏరియేటర్లు నయవండి. రాత్రి లైటేస్తే అదే షో, టిక్కెట్టు కూడా లేదు" అన్నాడు. ఇంకో వర్గం ఉండేది. వాళ్ళ లెక్కలో అసలు మొసలి ఆకుపచ్చది. దానికి గోధుమరంగు వేసిననాడే షో చచ్చిపోయింది, మనం ఇన్నాళ్ళూ చూసింది శవాన్ని. వీళ్ళు మిగతావాళ్ళని అభిమానులుగానే లెక్కపెట్టేవారు కాదు.

వీళ్ళందరికీ నాయకుణ్ణి నేను. రోజుకో వ్యాసం రాసేవాణ్ణి. 'వెలుగుకి కోరలుంటాయా?' అన్నది అందులో బాగా పేలింది. ఇక్కడ మీకు చిన్న సంగతి చెప్పాలి. కొత్త షో నేను చూడలేదు. చూసి విమర్శిస్తే ఎంతో కొంత దయ కలుగుతుందని నా భయం. మాటవరసకి, పాత షో చూసి కూడా ఏడెనిమిదేళ్ళయింది.

సరిగ్గా అప్పుడే కొత్తపేట సంబంధం వచ్చింది. అంతకుముందు రెండు సంబంధాలు నా వాగుడు విని లేచిపోయాయి కాబట్టి, మా అమ్మ ఈసారి నన్ను మాట్లాడొద్దని ఒట్టేయించుకుంది. పెళ్ళిచూపుల్లో ఆ అమ్మాయి, లావణ్య, తనే అడిగింది:

"మొసలి గ్రూపు మీదేనంట కదండీ?"

"అవునండి."

"కొత్త షో నేను చూసేనండి. బాగుంది."

ఒట్టు ఒక ఎత్తు, సత్యం ఒక ఎత్తు. కాఫీ చల్లారిపోయేదాకా ఆమెకు సత్యం బోధించాను. ఆమె చివరిదాకా విని, "మీరు చూసేరా మరి?" అంది. నేను కాఫీ బాగుందన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు మొదటిసారి మొసలి కంటే ముఖ్యమైనదొకటి లోకంలో ఉందని అనుమానం కలిగింది. వాళ్ళ నాన్న వీర్రాజుగారు, "ఆదివారం మీ ఇల్లు చూసుకుని మేం మాట చెప్తావండి" అన్నారు.

"ఆదివారందాకా ఆ నోరు కట్టేసుకోరా ప్రకాశం, నీకు పుణ్యముంటుంది," అంది అమ్మ.

నేను శనివారం పార్కు గేటు దగ్గర ధర్నా పెట్టాను.

గ్రూపులో వందలమంది ఉన్నా వచ్చింది పదిమందే. వాళ్ళలో ఇద్దరు ఆకుపచ్చ వర్గం, మమ్మల్ని ఖండించడానికి వచ్చారు. సూర్యారావుగారు స్వయంగా గేటు తెరుచుకుని బయటికొచ్చారు. "ఎండలో నిలబడ్డారేంటండీ, లోపలికి రండి" అంటూ కుర్చీలేయించి, పెసరట్లు పెట్టించి, "ఇప్పుడు తిట్టండి బాబూ, తీరిగ్గా" అన్నారు. కడుపు నిండాక తిట్టడం ఎంత కష్టమో అనుభవిస్తే గాని తెలియదు. అందుకని తిట్టు మానేసి పొగడ్త అందుకున్నాను. చంటి ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"మొసలంటే అదండీ మొసలి! ఏం ఠీవి, ఏం అందం! ఆ ఒంటికన్ను చూపుకి మీ లేజర్లన్నీ దిగదుడుపండి. అలాంటి మొసలి కళ్ళెదుట ఉంటే జన్మకింకేం కావాలండీ!"

"అంత బాగుందాండీ?" అన్నారు సూర్యారావుగారు మెల్లగా.

"చెప్పలేనంత బాగుందండి!"

చంటి వీడియో ఆపేశాడు. పదిమందీ నాకేసి అదోలా చూశారు. నాకప్పుడు గుర్తొచ్చింది.

కోనసీమ బయటివాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. మీ ఇంటికొచ్చినవాడు మీ పెరట్లో పనసకాయని చూసి "బాగుందండి" అన్నాడంటే, అతను గుమ్మం దాటేలోగా అది అతని బండి ఎక్కాల్సిందే. ఎక్కించకపోతే మీ పరువు పోతుంది. వద్దంటే అతని మర్యాద పోతుంది. తిరిగిస్తే రెండిళ్ళకీ మాటలుండవు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా దగ్గర పొగిడితే పరాయివాడైనా పెట్టేస్తాడు. అందుకే మావాళ్ళు ఎవరింటికైనా వెళితే పాడి గేదెల వైపు తలెత్తి చూడరు.

"ఆయ్! అంత నచ్చేక ఇంక అది మీదేనండి. పొద్దున్నే పంపించేస్తాను" అన్నారు సూర్యారావుగారు. ఆయన కళ్ళలో ఆనందం చూస్తే, ఆ మొసలిని ఎక్కడ పడేయాలో తెలియక ఆయన చాలాకాలంగా బాధపడుతున్నారని నాకు అర్థమైంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచాను, ఇంట్లో మొసలి దిగింది. ఆదివారం పొద్దున్న ట్రాక్టరు మీద, మెడలో బంతిపూల దండతో, పైన శాలువాతో వచ్చింది. వాకిలి పట్టలేదు. తోక తులసికోట దగ్గర, తల వీధిగుమ్మంలో. నోరు తెరిచే ఉంది, వర్షాకాలం కదా.

అమ్మ చాలాసేపు దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"రెంటిలో ఏదో ఒకటే ఈ ఇంట్లో ఉండాలిరా. దీన్నయితే మేపక్కర్లేదు."

దాని మీద దుప్పటి కప్పుదామన్నాడు చంటి. కప్పాం. దుప్పటి కప్పుకుని నోరు తెరిచిన మొసలి, మామూలు మొసలి కంటే భయంకరంగా ఉంటుంది. తీసేశాం. ఈలోగా వీర్రాజుగారి కారు రానే వచ్చింది.

ఆయన గుమ్మంలో మొసలి నోటిని చూశారు. చెప్పులు విడిచారు. దవడ పక్కనుంచి ఒద్దికగా ఒరుసుకుని లోపలికి వచ్చి, "ప్రయాణం బాగా జరిగిందండి" అన్నారు. పెద్దమనిషి. పూతరేకులు తిన్నారు, కొబ్బరి ధర పడిపోయిందన్నారు, కాలవ లాకులు ఎప్పుడు కట్టేస్తారో అన్నారు. కిటికీలోంచి ఒంటికన్ను ఆయన్నే చూస్తున్నా తల తిప్పలేదు. ఆ పూట మా ఇంట్లో మొసలి గురించి మాట్లాడనిది మొసలి ఒక్కటే కాదు.

అంతా అయిపోయి, ఆయన మళ్ళీ దవడ దాటి చెప్పులేసుకుంటున్నారు. మాట ఇచ్చిందీ లేదు, కాదన్నదీ లేదు. అందరం ఆ మొసలి చుట్టూ నిలబడి ఉన్నాం. ఏదో ఒకటి అనకపోతే బాగుండదని ఆ మర్యాదస్తుడికి తోచింది కాబోలు.

"మొసలి... బాగుందండి," అన్నారు.

అనగానే ఆయన ముఖం పాలిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. మా అమ్మ అరక్షణం వృథా చెయ్యలేదు.

"ఆయ్! మీకు నచ్చిందాండీ అన్నయ్యగారూ? అంతకన్నానా! ఒరే చంటీ, ట్రాక్టరు వెనక్కి రమ్మని ఫోన్ చెయ్యరా!"

"అబ్బెబ్బె, ఎందుకండీ చెల్లెమ్మా..."

"మీరలా అంటే నేను చిన్నబుచ్చుకుంటానండి."

సాయంత్రానికి మొసలి కొత్తపేటలో ఉంది. నా సంబంధం గోదాట్లో ఉంది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మొసలి అభిమానుల గ్రూపులోంచి కూడా బయటికొచ్చేశాను. 'ద్రోహి' అని నలభైమంది పెట్టారని చంటి చెప్పాడు. ఆకుపచ్చ వర్గం ముందే చెప్పామందట.

మర్నాడు లావణ్య ఫోన్ చేసింది.

"మీ మొసలి మా కొట్టానికి అడ్డంగా ఉందండి. గేదె పాలివ్వడం మానేసింది. మా నాన్నగారు మాట్లాడ్డం లేదు. అమ్మ మాట్లాడుతోంది, ఆపడం లేదు."

"క్షమించండి. సంబంధం వద్దనుకుంటే నేను అర్థం చేసుకుంటాను."

"వద్దనుకుంటే మొసలిని ఎవరు తీసుకెళ్తారండీ?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. పుచ్చుకున్నదాన్ని తిరిగి పంపడానికి మర్యాద ఒప్పుకోదు. కానీ ఆడపిల్లతో పాటు అత్తారింటికి ఏది పంపినా ఎవరూ కాదనడానికి లేదు. వీర్రాజుగారు రాత్రంతా ఆలోచించి, ఇంతకంటే దారి లేదని పొద్దున్నే ముహూర్తం పెట్టించేశారట.

"మరి మీకు ఇష్టమేనా?" అన్నాను.

"కొత్త షో చూస్తానని మీరు మాటిస్తేనండి. చూసేక తిట్టుకోండి."

అలా మా పెళ్ళి జరిగింది. చలిమిడి, అరిటిగెలలు, బూరెల బుట్టలు, వాటన్నిటి వెనక ట్రాక్టరు మీద బంతిపూల దండతో మొసలి. చిన్నప్పటినుంచీ షోలో సారెకి అడ్డంపడిన మొసలి మా ఇంటికి సారెలో భాగంగా వచ్చింది. వీధివీధంతా బయటికొచ్చి "పెళ్ళికొడుకుగారూ, వెనకాల మొసలండోయ్!" అని అరిచారు. ఇప్పుడు మా అమ్మ దాని వీపు మీద వడియాలు పెడుతోంది. చాలా త్వరగా ఎండుతాయి.

ఇచ్చిన మాట ప్రకారం కొత్త షోకి వెళ్ళాను. ముందు వరసలో కూర్చున్నాం. వెలుగుల మొసలి నీళ్ళ తెర మీద లేచి, నోరు తెరిచి, మా మీదికి దూకింది. నా ఒళ్ళు గగుర్పొడిచింది. చొక్కా తడిసిపోయింది. లావణ్య నాకేసి చూసి నవ్వుతోంది. షో అయ్యాక సూర్యారావుగారు స్వయంగా వచ్చారు. గేటు అవతల ఒక ట్రాక్టరు నిలబడి ఉండడం నేను గమనించాను.

"ఎలా ఉందండి మేష్టారూ, మన ఫౌంటెను?"

వశిష్ఠ గోదావరి సాక్షిగా, తడిసిన చొక్కాతో, ఆ క్షణమే ప్రమాణం చేశాను: ఈ జన్మలో కోనసీమ పొలిమేరల్లో కదిలేదాన్నిగాని కదలనిదాన్నిగాని నోరారా పొగడను. ఆ ప్రమాణానికి కట్టుబడి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి చెప్పాను:

"నేనింకా చూళ్ళేదండి."