ఈదమ్మ కొడుకు గురవయ్య

అంకమ్మ ఆ తోలుసంచి మూతి విప్పగానే వేపాకు పొగ వాసన గుప్పుమంది. గిద్దలూరులో మా ఇంటి వరండాలో, పొద్దున తొమ్మిది గంటలప్పుడు, మంచం మీద కూర్చున్న నాకు యాభై ఏళ్ళ కిందటి పశువుల దొడ్డి ఒకటి కళ్ళముందు నిలబడింది. ఈగలు ముసరకుండా ఆ దొడ్డి నాలుగు మూలలా పచ్చి వేపాకు రాజేసేవాడు గురవయ్య మామ. ఆయన పోయి ఎంతో కాలమైంది. ఆ పొగ మాత్రం ఆయన దాచుకున్న కాగితాలను ఇంకా వదల్లేదు.

అంకమ్మ ఆయన మనవరాలు. నల్లమల అంచున తాత వేసిన దొడ్డిలోనే ఇప్పటికీ ఆవులను మేపుతోంది. ఆ నేలకు పట్టా ఇమ్మని పెట్టుకున్న అర్జీ తిరిగొచ్చింది.

"మా తాత అడివి మనిషి కాదంట తాతా. ఊరి రైతు కొడుకంట. పాత కాగితంలో అట్ల ఉందంట. దొడ్డి ఎత్తెయ్యమంటున్నారు" అంది.

"ఏ గుడ్డివాడు రాసినాడు ఆ కాగితం?"

"నాకేం తెలుసు? చదువుకున్నోడివి, నువ్వే కనుక్కో."

నాలుగో తరగతిలోనే బడి వదిలినవాణ్ణి నేను. నన్ను చదువుకున్నవాడంటే నవ్వొస్తుంది. అయినా ఆ మాట నాకు దక్కిందంటే అది గురవయ్య పెట్టిన భిక్ష. ఆయన్ను చూడని వాళ్ళకు కొంచెం చెప్పాలి. ఆయన తల్లి ఈదమ్మ చెంచుల ఆడబిడ్డ. తండ్రి కొండకింది ఊరి రైతు; వెదురు కోసం అడవికి పోయి, ఆమెతో రెండేళ్ళు కాపురముండి, తర్వాత ఊళ్ళో మరో పెళ్ళి చేసుకున్నాడు. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. వాళ్ళింకా ఉన్నారు, పౌరుషం కూడా అట్లాగే ఉంది. గురవయ్య ఆ ఇంటికి పోతే కొట్టం దాకా రానిచ్చేవాళ్ళు, గడప దాకా రానిచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో ఆయన "చెంచోడు", పెంట అని పిలిచే చెంచుల గూడెంలో "ఊరోడు". రెండు పేర్లకూ ఒకే తీరున పలికేవాడు.

ఎండాకాలం వస్తే మా మెట్ట ఊళ్ళలో గడ్డిపరక ఉండదు. దొనకొండ నుంచి, పామూరు నుంచి రైతులు పశువులను తోలుకొచ్చి, వానలు పడేదాకా గురవయ్య మందలో వదిలేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళప్పుడు నేనూ మా నాయన ఆవులను తోలుకుని పోయాను, మూడేళ్ళు వరసగా. మంద లెక్క ఆయన కాగితం మీద పెట్టుకోలేదు. ప్రతి పశువునూ తల్లి వరసన గుర్తుపెట్టుకునేవాడు. మధ్యాహ్నం వాగు దగ్గర మంద నీళ్ళు తాగుతుంటే ఒక్కొక్కదాని వీపు మీద చెయ్యేసి ఆ వరస చదివేవాడు.

ఒకసారి పామూరు రైతు ఒకాయన వేరేవాళ్ళ పెయ్యను పట్టుకుని ఇది నాదేనని పేచీ పెట్టాడు.

"ఏందప్పా, నీది నల్లావు గదా?" అన్నాడు గురవయ్య.

"నల్లావుకు తెల్ల పెయ్య పుట్టగూడదా?"

"పుట్టొచ్చు. కానీ ఇది పుల్లమ్మ కూతురు. పుల్లమ్మ మచ్చలదాని కూతురు. మచ్చలది కొమ్మిరిగినదాని కూతురు. నీ నల్లది ఈనిందేమో కోడెను. అదిగో, ఆ కంపలో మొహం పెట్టి నిలబడింది, నీ మాదిరే."

అందరూ నవ్వారు. రైతు కూడా నవ్వాడు. గురవయ్య పెయ్య పలుపు విప్పాడు. అది తిన్నగా పోయి పుల్లమ్మ పొదుగులో తల దూర్చింది.

నాకు చదువు పట్టించిన తీరు కూడా ఇట్లాంటిదే. గిద్దలూరు దుకాణంలో ఉప్పు, బెల్లం కట్టిచ్చిన కాగితాలను ఆయన పారెయ్యకుండా సాపు చేసి తెచ్చేవాడు. "చదువు" అనేవాడు. నేను తడుముకుంటూ చదివేవాణ్ణి. రాని మాట వస్తే ఊహించి ఏదో ఒకటి అనేసి ముందుకు పోయేవాణ్ణి. ఆయనకు ఒక్క అక్షరం రాదు. అయినా పట్టేసేవాడు.

"ఆడ నడవలా నువ్వు. దూకినావు."

"నీకెట్ల తెలుసు మామా?"

"జాడ చూసేవానికి దూకుడు తెలీదా? వెనక్కి రా. వేలు పెట్టి నడువు."

పంతుళ్ళు బెత్తంతో నేర్పలేనిది ఆ మాట నేర్పింది. తర్వాత నేను చదివిన ప్రతి పుస్తకమూ వేలు పెట్టి నడిచిందే.

అంకమ్మ సంచిలో ఉన్నవి ఎక్కువగా అడవి మేతకు కట్టిన పుల్లరి రసీదులు. ఒకదానిలో "గురువులు", ఒకదానిలో "గురప్ప", ఇంకోదానిలో "చెంచు గురవడు". రాసినవాడి నోటికి వచ్చినట్టు! తండ్రి తరఫు వాళ్ళ దగ్గర వంశవృక్షం ఉందంటే అక్కడికీ పోయాం. గోడకు అద్దం కట్టించి పెట్టుకున్నారు. అందులో దాయాదులున్నారు, దత్తత వచ్చినవాళ్ళున్నారు, గురవయ్య లేడు. వేలెత్తి చూపిస్తే "అది పెద్దోళ్ళ కాలంనాటి సంగతి పెద్దనాయనా, మజ్జిగ తాగుతావా?" అన్నారు. నేను తాగలేదు. అంకమ్మ తాగింది. "ఎండ గదా" అంది.

మార్కాపురం ఆఫీసులో అయితే అరిచాను. తల్లి అడవిలో కంటే, కొడుకు అడవిలో పెరిగితే, ఊరి మనిషని రాసినవాడి చెయ్యి విరిగిపోవాలన్నాను. అక్కడి గుమాస్తా నెమ్మదైన పిల్లవాడు. పాత ఫైలు తెచ్చి, మందకు పర్మిట్ కోసం పెట్టిన దరఖాస్తు నా ముందు తెరిచాడు. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉన్నప్పటిది. గురవయ్య పేరు, ముందు తండ్రి ఇంటిపేరు, కింద తండ్రి పేరు, ఊరు, వృత్తి వ్యవసాయం. పక్కన వేలిముద్ర.

రాత నాది.

"త" కింద తోక పొడుగ్గా లాగే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఆ రోజు వాగు ఒడ్డున బండమీద కూర్చుని రాశాను. "మా అమ్మ పేరు రాయి. పెంట పేరు రాయి" అన్నాడాయన. "ఎవరైనా నాయన పేరు రాస్తారు మామా. ఆ ఇంటిపేరు పెడితే నీకు మర్యాద" అన్నాను. గడప తొక్కనివ్వని ఇంటి పేరు ఆయనకు తగిలించి మేలు చేశాననుకున్నాను. ఆయన కొంచెంసేపు మంద వైపు చూశాడు. "నాకేం తెలుసు? చదువుకున్నోడివి నువ్వు" అని వేలు చాచాడు. ఆయన నన్ను వెనక్కి రమ్మనని దూకుడు అదొక్కటే.

బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాం. అంకమ్మకు చెప్పాను.

"ఇందాక చెయ్యి విరగాలన్నావు గదా" అంది.

"అన్నాను."

"విరగనియ్యొద్దులే. ఇంకొక కాగితం రాయాల."

మర్నాడు వాంగ్మూలం రాసుకుని పోయాను. ఆ దరఖాస్తు నా చేతిరాత అనీ, చెప్పింది చెప్పినట్టు రాయకపోవడం నా తప్పనీ, ఆయన పుట్టిందీ పెరిగిందీ పోయిందీ పెంటలోనేననీ రాశాను. గుమాస్తా ముందు పైకి చదివాను. "తండ్రి పేరుతో మొదలుపెట్టాల గదా తాతా" అన్నాడు. "ఒకసారి అట్లే మొదలుపెట్టినా నాయనా" అన్నాను. వేలు పెట్టి నడిచాను: ఈదమ్మ కొడుకు గురవయ్య. గురవయ్య కొడుకు ఈరన్న. ఈరన్న కూతురు అంకమ్మ.

పట్టా ఇంకా రాలేదు. దొడ్డి మాత్రం ఎవరూ ఎత్తెయ్యలేదు, మళ్ళీ విచారిస్తామన్నారు. ఇప్పుడు మా వీధిలో ఎవరైనా అర్జీ రాయమని వస్తే ముందు కలం పట్టను. వాళ్ళు చెప్పింది పూర్తిగా వింటాను. రాసి వినిపిస్తాను. వాళ్ళు చూపు ఎటైనా తిప్పుకుంటే ఆగుతాను. ఎక్కడో నేను దూకి ఉంటాను. వేలు వెనక్కి జరుపుకుంటాను.